పొత్తిళ్ళలో బిడ్డకి ఫోన్‌తో ఫోటో

(బరంపురంలో కొత్తగా తల్లిదండ్రులైనవారికీ, పురుడు పోసే ఇళ్ళలోని పెద్దలకీ, ఆశా అక్కలకీ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. మామ్మగార్లు ముందు వరసలో కూర్చున్నారు, సంతోషం. పురిటి గదిలో ఆఖరి మాట వాళ్ళదే.

ముందు ఒక చిన్న పని. ఎవరి ఫోన్ వాళ్ళు తీసి, వెనక కెమెరా అద్దాన్ని వెలుగులోకి ఏటవాలుగా తిప్పి చూడండి. మసగ్గా మెరిసే పొర కనిపిస్తోందా? అది జిడ్డు. బాలింత ఉన్న ఇంట్లో ఫోన్ అద్దానికి కొబ్బరినూనె, పౌడరు, చెమట మూడూ అంటుకుంటాయి. ఆ పొర ఉన్నంతసేపూ ఎంత ఖరీదైన ఫోనైనా ఫోటో పాలు ఒలికినట్టు వెలిసిపోయి వస్తుంది. బాగా ఉతికిన పాత నూలు పంచె ముక్క తీసుకుని, అద్దం మీద ఒకసారి నోటి ఆవిరి పట్టించి, గుండ్రంగా తుడవండి. జరీ అంచు కొంగుతో మాత్రం వద్దు. ఫోటో తీసే ముందు ప్రతిసారీ ఇది చెయ్యాల్సిందే. ‘కొత్త ఫోన్ కొంటే గానీ ఫోటోలు బాగా రావు’ అనుకుంటున్నవాళ్ళలో చాలామందికి ఈ గుడ్డముక్క సరిపోతుంది.

ఇక అసలు మాట. అప్పుడే పుట్టిన బిడ్డకి ఫోటో తీసేటప్పుడు మనం ఎక్కువగా చేసేది బిడ్డను సర్దడం. తల ఇటు తిప్పుతాం, చెయ్యి చెంప కింద పెడతాం, టోపీ మారుస్తాం, అది బాగాలేదని ఇంకోటి. ఆ సర్దుడుకి బిడ్డ లేచి ఏడుస్తుంది, ఫోటో పోతుంది. నేను చెప్పేదల్లా ఒకటే: బిడ్డను ఒక్కసారి మంచి వెలుగులో, వెల్లకిలా, హాయిగా పడుకోబెట్టండి. ఆ తర్వాత కదలాల్సింది మీరు. మోకాళ్ళ మీద కూర్చోండి, పక్కకి జరగండి, వెనక్కి వెళ్ళండి. బిడ్డ ఉన్నచోటే ఉండనివ్వండి.

మంచి వెలుగు ఎక్కడుంటుంది? మన గంజాం వైపు పాత ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. గోడకి గోడ ఆనుకుని, వీధి నుంచి పెరటి దాకా రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటాయి. వీధి గదికి వెలుగు ఉంటుంది, పెరటి వైపు ఉంటుంది. నడిమి గది పగలు కూడా చీకటే. బాలింతను పడుకోబెట్టేది సరిగ్గా ఆ నడిమి గదిలోనే. గాలి తగలదు, వచ్చేపోయేవాళ్ళ కంట పడదు. అందులో తప్పులేదు. ఫోటో కోసం మటుకు పదిహేను నిమిషాలు వీధి గదిలోకో, పెరటి తలుపు దగ్గరికో రావాలి. కిటికీ లేకపోయినా తెరిచిన తలుపే పెద్ద కిటికీ. గుమ్మానికి 2, 3 అడుగులు లోపలగా చాప వేసి, దాని మీద రెండు మడతల బొంత వేసి బిడ్డను పడుకోబెట్టండి. గుమ్మంలో మరీ దగ్గరగా అయితే వెలుగు కళ్ళలో గుచ్చుకుంటుంది, గాలి కూడా తగులుతుంది. 6, 7 అడుగులు లోపలికి వెళ్ళారా, వెలుగు చాలక ఫోన్ ఫోటోని నూకపొడిలా గరుగ్గా చేసేస్తుంది.

నేరుగా పడే ఎండ పనికిరాదు. నేల మీద ఎండ పలక పడుతోందంటే బిడ్డను దాని పక్కన నీడలో పెట్టాలి. ఆ ఎండ నేల మీంచి, గోడల మీంచి తిరిగి పరుచుకున్న వెలుగే మనకి కావాలి. తూర్పు గుమ్మం అయితే ఎండ పక్కకి తప్పుకున్నాక 10, 11 గంటలకి బాగుంటుంది. ఉత్తరపు కిటికీ అయితే దాదాపు పగలంతా బాగుంటుంది. ఎండ వచ్చే కిటికీ తప్ప వేరే దిక్కు లేకపోతే పలచని తెల్ల పంచె ఒకటి కట్టండి. రంగు తెర వేస్తే ఆ రంగు బిడ్డ ముఖం మీద పడుతుంది. వానాకాలం మబ్బు పగలు అన్నిటికన్నా మంచిది, ఆకాశమంతా ఒకే తెల్లటి దీపంలా ఉంటుంది.

వెలుగు ఎటు నుంచి పడాలన్నది ఇంకా ముఖ్యం. బిడ్డ తల గుమ్మం వైపు కొంచెం ఏటవాలుగా ఉండాలి, పాదాలు గది లోపలికి ఉండాలి. వెలుగు నుదుటి మీద పడి, ముక్కు మీదుగా గడ్డం వైపు జారాలి. దీనికి గుర్తు ముక్కు నీడ. అది పై పెదవి వైపు, ఒక పక్కకి చిన్నగా పడితే సరిగ్గా ఉన్నట్టు. నుదుటి వైపు పడుతోందంటే వెలుగు కాళ్ళ వైపు నుంచి వస్తోందన్న మాట. గడ్డం కింద టార్చి పెట్టుకుని పిల్లల్ని భయపెడతారే, ముఖం అలాగే అవుతుంది. అప్పుడు బిడ్డను ఎత్తి తిప్పనక్కర్లేదు. ఇద్దరు రెండు వైపులా బొంతను పట్టుకుని నేల మీదే మెల్లగా తిప్పండి. నిద్ర చెడదు.

వెలుగు రాని వైపు చెంప మరీ నల్లగా పడుతుంటే, ఆ పక్కన అడుగున్నర దూరంలో తెల్ల దుప్పటి కప్పిన దిండు గానీ, పందిరి అలంకరణలో మిగిలిన థర్మాకోల్ అట్ట గానీ నిలబెట్టండి. నీడ సగానికి సగం తేలిపోతుంది. ఇంత తేలికైన ఉపాయం ఇంకోటి లేదు. చేసి చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది.

గోడ రంగు సంగతి. మన ఇళ్ళలో ఆకుపచ్చ, నీలం సున్నాలు ఎక్కువ. ఆకుపచ్చ గోడ మీద తగిలిన వెలుగు ఆకుపచ్చగానే తిరిగొస్తుంది, బిడ్డ చెంప జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. గోడకి 3 అడుగులు దూరం జరగండి, లేదా గోడ మీద తెల్ల దుప్పటి వేలాడదీయండి. ఫోటో తీసేటప్పుడు గదిలో ట్యూబులైటు, బల్బు ఆపెయ్యండి. పగటి వెలుగు ఒక రంగు, బల్బు ఇంకో రంగు. రెండూ కలిస్తే ఫోన్ దేన్ని తెలుపు అనుకోవాలో తేల్చుకోలేదు, ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది. చవక ఎల్‌ఈడీ బల్బుల కింద ఇంకో తంటా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అవి సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు, ఫోటోలో అడ్డంగా నల్ల చారలు పడతాయి.

రంగు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. పుట్టిన రెండో మూడో రోజుకి చాలామంది బిడ్డల ఒళ్ళు పచ్చబడుతుంది. దయచేసి ఫోన్ ఫోటో చూసి ‘పచ్చగా ఉంది’ అనిగానీ ‘ఏం లేదులే’ అనిగానీ తేల్చుకోకండి. ఫోన్ తనంతట తానే రంగులు సరిచేస్తుంది. పచ్చకామెర్లు ఉన్న బిడ్డను గులాబీరంగులో చూపించగలదు, లేని బిడ్డను పసుపుగా చూపించగలదు. పగటి వెలుగులో, మీ కంటితో, చర్మం మీద వేలితో నొక్కి వదిలి చూడండి. పుట్టిన 24 గంటల లోపే పచ్చదనం కనిపించినా, అరచేతులూ అరికాళ్ళ దాకా దిగినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా ఫోటోలు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి. ఎండలో పడుకోబెడితే తగ్గుతుందని ఆగవద్దు. ఫోటో వాట్సాప్‌లో పంపి ‘ఎలా ఉంది డాక్టరుగారూ’ అని అడగడం కూడా నమ్మదగ్గ పద్ధతి కాదు.

(ముందు వరసలోంచి: ఫ్లాష్ కొడితే పసిగుంటకి కళ్ళు పోతాయంటారు, నిజమేనా?)

కళ్ళు పోతాయన్నది నిజం కాదు మామ్మగారూ. మామూలు ఫోన్ ఫ్లాష్ వల్ల చూపు దెబ్బతినదు. అయినా నేను వద్దనే చెబుతాను, వేరే కారణాలకి. ఎదురుగా కొట్టిన ఆ వెలుగులో ముఖం అప్పడంలా చదునుగా కనిపిస్తుంది, చర్మం జిడ్డుగా మెరుస్తుంది, వెనక గోడ మీద నల్ల నీడ పడుతుంది. పైగా నిద్రలో ఉన్న బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ చాపి ఏడుస్తుంది. ఫ్లాష్ ఆపేసి, క్లిక్ శబ్దం కూడా ఆపేసి, ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టుకోండి. ఫోటో మధ్యలో బిడ్డ చెవి పక్కన ఫోన్ మోగడం అందరిళ్ళలోనూ జరిగేదే.

ఎన్నో రోజున తియ్యాలి? బిడ్డ కడుపులో ఉన్నట్టే ముడుచుకుని గాఢంగా నిద్రపోయేది మొదటి రెండు వారాలు. రోజుకి 16, 17 గంటలు నిద్రే. మూడో వారం నుంచి మెలకువ పెరుగుతుంది, కొందరికి ముఖం మీద చిన్న మొటిమల్లాంటివి వస్తాయి. అందుకని 5వ రోజు నుంచి 14వ రోజు లోపు మంచి అదను. బొడ్డు ఇంకా ఊడకపోయినా పరవాలేదు, పొత్తిగుడ్డ ఆ మేర కప్పండి. ఫోటో కోసం దాన్ని లాగడం, దాని మీద ఏమైనా రాయడం వద్దు. మొదటి వారంలో చేతులూ కాళ్ళ దగ్గర తోలు పొరలుగా ఊడుతుంది, అది సహజం. పౌడరుతో కప్పవద్దు, ఆ పొడి బిడ్డ ఊపిరిలోకి పోతుంది.

ఆశా అక్కలకి ఒక మాట. మీరు ఇంటికొచ్చి బిడ్డను చూసే రోజులు 3, 7, 14, 21, 28, 42. తల్లిదండ్రులు ఈ లెక్కనే పట్టుకుంటే ఆరు ఫోటోల వరస తయారవుతుంది. వేలాడే తూకంలో బిడ్డను వేసినప్పుడు ముల్లూ అంకే కనిపించేలా ఒకటి, వెంటనే చాప మీద ఒకటి. ప్రతిసారీ అదే చోటు, అదే బొంత, పక్కన అదే వెండి ఉగ్గుగిన్నె. 42 రోజుల్లో బిడ్డ ఎంత నిండిందో ఆ గిన్నె చెబుతుంది. తూకం దగ్గర ఫోటో తీసేవాళ్ళు వేరు, బిడ్డ కింద చెయ్యి కాసేవాళ్ళు వేరు కావాలి.

రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి, నెలలు నిండని బిడ్డకి బట్టలు విప్పి ఫోటోలు వద్దే వద్దు. ఆ బిడ్డకి అందమైన ఫోటో తల్లి గుండెల మీదే ఉంది, కంగారూ సంరక్షణలో. తల్లి ఛాతీ మీద బిడ్డ, పైన దుప్పటి, టోపీ కింద నుంచి ఒక చెంప, ఒక చిన్న చెయ్యి. పక్కనుంచి కిటికీ వెలుగు. దానికి మించిన ఫోటో నాకు తెలీదు.

చలి సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. కోరాపుట్, రాయగడ కొండల మీద చలికాలం ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, కానీ బరంపురంలో మే నెలలో కూడా ఏసీ గాలికీ ఫ్యాను గాలికీ బిడ్డ చల్లబడుతుంది. గది 25 డిగ్రీలకి తగ్గకూడదు. ఒంటి మీద బట్ట తీసి ఫోటో కావాలంటే 27, 28 ఉండాలి. అంటే మీకు చెమట పట్టాలి. అది కూడా రెండు మూడు నిమిషాలే. మధ్యలో చేతి వెనక వైపుతో పొట్టనీ పాదాన్నీ ముట్టుకుని చూడండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే చలి మొదలైనట్టు, వెంటనే కప్పి తల్లికి ఇవ్వండి. చేతులు సబ్బుతో కడుక్కుని రండి, ఫోన్ కూడా తుడవండి. ఆ ఫోన్ బజారులో చేపల తూకం దగ్గర కూడా మీ చేతిలోనే ఉంది.

ఇప్పుడు బిడ్డ ఏ భంగిమలో ఉండాలి అనే దగ్గర కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. బిడ్డ బోర్లా ఉండి, రెండు మోచేతులు ఆనించి, గడ్డం అరచేతుల్లో పెట్టుకుని నిద్రపోతున్న ఫోటోలు మీరందరూ చూసే ఉంటారు. అది నిజంగా అలా తీసింది కాదు. ఒకసారి పెద్దవాళ్ళు తల పట్టుకుని ఒక ఫోటో, ఇంకోసారి చేతులు పట్టుకుని ఒక ఫోటో తీసి, తర్వాత కంప్యూటర్‌లో రెండూ అతికి, పట్టుకున్న చేతుల్ని చెరిపేస్తారు. అది తెలీక ఇంట్లో ప్రయత్నిస్తే పసిగుడ్డు మెడ ఆ బరువు ఆపలేదు. బుట్టల్లో, గాజు కూజాల్లో, చెట్టు కొమ్మకి కట్టిన గుడ్డలో పెట్టడం కూడా వద్దు. బుట్టలో బిడ్డ వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనిందంటే ఊపిరి దారి మూసుకుపోతుంది. అరవకుండా, కదలకుండా ఆగిపోతుంది, మీరు నిద్రపోతోంది అనుకుంటారు. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ళ సందు ఎప్పుడూ ఉండాలి. ముక్కూ నోరూ మీద గుడ్డ, పూలు, ఈకలు ఏవీ ఉండకూడదు. ఇంకొకటి, చీర ఉయ్యాలలో ఉన్నప్పుడు ఫోటో తియ్యాలనుకుంటే ఊపు ఆపాక తియ్యండి. ఒకరి చెయ్యి ఉయ్యాల మీద ఉండాలి.

ఫోన్ పట్టుకునేటప్పుడు దాన్ని నిట్టనిలువుగా బిడ్డ ముఖానికి పైన పెట్టకండి. ఫోన్ దాదాపు 200 గ్రాముల బరువు. చెమట చేతిలోంచి జారితే నేరుగా మాడు మీద పడుతుంది. ఫోన్‌కి తాడు కట్టి మణికట్టుకి చుట్టుకోండి. లేకపోతే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏటవాలుగా తీయండి. నిజానికి పై నుంచి తీసేదానికన్నా ఆ పక్క కోణమే బాగుంటుంది. నుదుటి వైపు నుంచి కిందికి చూస్తున్నట్టు పట్టుకోండి. కాళ్ళ వైపు నుంచి తీస్తే రెండు ముక్కుపుటాలే కనిపిస్తాయి.

దూరం. అందరూ చేసే తప్పు ఇక్కడే. ముఖం పెద్దగా రావాలని ఫోన్‌ని అరచెయ్యి దూరానికి తీసుకుపోతారు. అప్పుడు ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కిపోయి, ఈ గుంట ఎవరి పోలికో తెలీకుండా అయిపోతుంది. పైగా చాలా ఫోన్లు 10 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి వెళ్తే ఫోకస్ చెయ్యలేవు. రెండు అడుగులు వెనక్కి వెళ్ళి, రెండింతలు దగ్గర చేసి చూపే 2ఎక్స్ బటన్ నొక్కండి. ముఖం ఉన్నదున్నట్టు వస్తుంది. 2ఎక్స్ బటన్ లేని ఫోనైతే 1ఎక్స్‌లోనే రెండు అడుగుల నుంచి తీసి తర్వాత కత్తిరించుకోండి. 0.5 అని ఉండే వెడల్పు కెమెరా గదినంతా చూపించడానికే, బిడ్డకి కాదు.

కెమెరా తెరిచాక బిడ్డ కళ్ళలో మీకు దగ్గరగా ఉన్న కన్ను మీద వేలు పెట్టి అలాగే నొక్కి పట్టండి. ఫోకస్ అక్కడ తాళం పడుతుంది. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. తెల్ల బొంత మీద తీస్తున్నప్పుడు ఫోన్ ‘అమ్మో, వెలుగెక్కువ’ అనుకుని అంతా బూడిదరంగు చేస్తుంది, కాబట్టి కొద్దిగా పైకి జరపండి. నల్లటి, ముదురు రంగు దుప్పటి మీద దానికి తలకిందులు. ముఖం తెల్లగా కాలిపోతుంది, కిందికి జరపండి. ప్రో మోడ్ (కొలతలన్నీ మనమే పెట్టుకునేది) ఉన్నవాళ్ళు షట్టర్ వేగం, అంటే కెమెరా వెలుగుకి తెరుచుకుని ఉండే సమయం, నిద్రపోయే బిడ్డకి సెకనులో 60వ వంతు, మెలకువగా కాళ్ళాడించే బిడ్డకి 125వ వంతు నుంచి 250వ వంతు పెట్టుకోండి. ఐఎస్ఓ, అంటే అందిన వెలుగుని ఫోన్ ఎంత పెంచాలో చెప్పే అంకె, 400 దాటకుండా చూసుకుంటే నున్నగా వస్తుంది, తప్పనప్పుడు 800. నైట్ మోడ్ వద్దు, అది సెకన్ల తరబడి తెరుచుకుని ఉంటుంది, ఈలోపు బిడ్డ ఊపిరి పీల్చుకున్నా పెదవులు మసకబారతాయి. వెనక ఉన్నదాన్ని మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్‌లో ఒకటి రెండు తీసి చూడండి. పసిబిడ్డ నూగు జుట్టునీ, వేళ్ళ సందుల్నీ అది గోడ అనుకుని చెరిపేస్తూ ఉంటుంది.

ఒక మీట మాత్రం ఇప్పుడే, ఇక్కడే ఆపెయ్యండి. బ్యూటీ అనో, ఫేస్ స్మూత్ అనో రకరకాల పేర్లతో ఉంటుంది. చాలా ఫోన్లలో అది కొన్నప్పుడే ఆన్ చేసి ఉంటుంది. అది బిడ్డ చర్మాన్ని తెల్లగా చేస్తుంది, చెవి మీది నూగు తుడిచేస్తుంది, పుట్టుమచ్చలు మాయం చేస్తుంది. నాలుగు రోజుల బిడ్డకి తెలుపు అద్దడం నాకు బాధగా ఉంటుంది. చామనఛాయ బిడ్డ చామనఛాయగానే ముద్దుగా ఉంది. వాళ్ళ నాన్న ఛాయ, వాళ్ళ మామ్మ ఛాయ అది. రేపు ఆ బిడ్డ పెద్దదై ఆల్బం చూసుకున్నప్పుడు అందులో ఉన్నది తను కాకపోతే ఎలా?

ఎప్పుడు తియ్యాలంటే, కడుపునిండా పాలు తాగి, తేన్పు వచ్చి, నిద్రలోకి జారిన తర్వాత. మొదట్లో కనురెప్పల కింద కళ్ళు కదులుతుంటాయి, పెదవులు ముడుస్తుంది, ఒక్కోసారి నవ్వుతుంది. దేవుడు నవ్విస్తున్నాడంటారు మన పెద్దవాళ్ళు. ఆ నవ్వు కావాలంటే ఫోన్ సిద్ధంగా పట్టుకుని ఈ పలచని నిద్రలోనే కాచుకోవాలి, బటన్ మీద వేలు ఉంచి వరసగా పది పదిహేను కొట్టాలి. మిమ్మల్ని చూసి నవ్వే నవ్వు ఆరేడు వారాలకి గానీ రాదు. ఓ 20 నిమిషాలు పోయాక చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డముక్కలా పడిపోతుంది, అది గాఢనిద్ర. పొత్తిళ్ళు సర్దాలన్నా, టోపీ తీయాలన్నా అప్పుడే.

కళ్ళు తెరిచిన ఫోటో కావాలంటే వెలుగు తగ్గించండి. ఎక్కువ వెలుగులో కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. తలుపు సగం మూసి, బిడ్డను తల్లి చేతుల్లో కాస్త నిటారుగా పట్టుకుంటే కళ్ళు విప్పుతుంది. దానికి స్పష్టంగా కనపడేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, అంటే పాలు తాగుతూ అమ్మ ముఖం చూసేంత. అమ్మ ఆ దూరంలో మాట్లాడుతుంటే, మీరు ఆమె చెంప పక్కనుంచి ఫోన్ పెట్టండి. చూపు నేరుగా మీ ఫోటోలోకి వస్తుంది. కళ్ళు ఒక్కోసారి మెల్లకన్నులా కనిపిస్తాయి, మొదటి నెలల్లో అది మామూలే.

చేతులూ కాళ్ళూ మర్చిపోవద్దు. అరచేతిలో వేలు పెడితే చాలు, పసిబిడ్డ దానంతటదే గట్టిగా పట్టుకుంటుంది. నాన్న చూపుడువేలు, మామ్మ ముడతల వేలు, రెండూ తీయండి. పాదం 7, 8 సెంటీమీటర్లు ఉంటుంది. నాన్న అరచేతిలో పెడితే ఎంత చిన్నదో తెలుస్తుంది. నడినెత్తి సుడి, చెవి వెనక మడత, మొలతాడు, నల్లపూసలు. ముఖం ఫోటోలు అందరూ తీస్తారు, ఆ చెవి మడత నెల తిరిగేసరికి మారిపోతుంది.

తల్లిని ఫోటోలోంచి తప్పించకండి. ఇది బతిమాలి చెబుతున్నాను. అందరి ఒళ్ళో బిడ్డ ఫోటోలు ఉంటాయి, కన్నతల్లి ఒళ్ళో మటుకు ఉండదు. ‘నేను బాగాలేను, తల దువ్వుకోలేదు’ అంటుంది. ఆమెను కూడా అదే గుమ్మం వెలుగులోకి రమ్మనండి, గోడకి దిండు పెట్టి కూర్చోబెట్టండి, అలసట కనిపించనివ్వండి. పాలిచ్చేటప్పుడు ఆమె సరేనంటేనే, ఆమె ఫోన్‌లోనే. అన్నో అక్కో బిడ్డను ఎత్తుకుంటానంటే కింద చాప మీద గోడకి ఆనించి కూర్చోబెట్టి, మోచేతి కింద దిండు పెట్టి, మీ చెయ్యి ఫోటో అంచుకి బయట అందుబాటులో ఉంచండి.

గుడ్డలకి కొత్తవి కొనకండి. పది ఉతుకులు పడిన అమ్మమ్మ నూలు చీర, పొందూరు ఖాదీ ధోవతి, గంజి పెట్టనివి. గంజి గుడ్డ గరుకు, మడతలు కూడా కర్రల్లా నిలబడతాయి. బరంపురం పట్టు మన ఊరి పేరు మోసింది, ఫోటోలో ఉండాల్సిందే. ఆ జరీ అంచు బిడ్డ చెంపకి తగిలితే ఎర్రగా గీరుకుంటుంది. పట్టు కింద పరిచి, మధ్యలో నూలు గుడ్డ వేసి, దాని మీద బిడ్డను పెట్టండి, అంచు పక్కన కనిపిస్తుంది. జరీ మరీ మెరుస్తుంటే సూర్యుడి గుర్తు కొంచెం కిందికి. బొమ్మలూ అక్షరాలూ ఉన్న దుప్పట్లయితే కన్ను వాటి మీదకే పోతుంది.

కాటుక. మామ్మగార్లు క్షమించాలి, కళ్ళలో వద్దు. చాలా కాటుకల్లో సీసం ఉంటుంది, కళ్ళు పుసులు కడతాయి. దిష్టిచుక్క అరికాలిలో పెట్టండి, ఫోటోకి అదే అందం కూడా. అలాగే స్నానం తర్వాత సాంబ్రాణి పొగలో వెలుగు చారలు పడి ఫోటో సినిమాలా వస్తుంది, నిజమే. ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదు. పొగ లేకుండా, తుండులో చుట్టిన తడి తల తీయండి చాలు.

(ఇంకొకరు: 21వ రోజు దాకా ఫోటో తియ్యకూడదంటారు మా ఇంట్లో.)

మన బారసాలకీ, మన ఒడియా ఇరుగుపొరుగు చేసే ఏకోఇశియాకీ ఆ 21వ రోజే గడువు. పెద్దవాళ్ళ మాట కాదని ఇంట్లో గొడవ పడవద్దు. తీసి దాచుకోండి, ఆ రోజు దాకా ఎవరికీ పంపకండి. లేదా పాదాలూ చేతులూ మాత్రమే తీయండి. దిష్టి సంగతి ఎలా ఉన్నా, ఎవరికీ పంపకుండా ఆగడం వేరే విధంగా కూడా మంచిదే. ఆసుపత్రి వాళ్ళు బిడ్డ చేతికి కట్టిన పట్టీ మీద తల్లి పేరు, నంబరు, తేదీ ఉంటాయి. అది కనిపించే ఫోటో స్టేటస్‌లో పెట్టవద్దు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపెయ్యండి, ఇంటి చోటు ఫోటోతో పాటు పోకుండా. బట్టలు లేని ఫోటో ఎవరికీ, ఎంత దగ్గరవాళ్ళకైనా పంపకండి. ఆసుపత్రి వార్డులో తీస్తే పక్క మంచం తల్లి ఫోటోలో పడకుండా చూసుకోండి. పసిబిడ్డల ప్రత్యేక వార్డులో నర్సమ్మ అనుమతి లేకుండా ఫోన్ తియ్యనే వద్దు.

పాస్‌పోర్టు కోసం ఎవరో అడిగారు, గల్ఫ్ వెళ్ళే కుటుంబాలకి కావాలి కదా. నాలుగేళ్ళలోపు పిల్లలకి తెల్లటి వెనకతలంతో 4.5 సెంటీమీటర్లు, 3.5 సెంటీమీటర్లు కొలతలో ఫోటో తీసుకెళ్ళాలి. తెల్ల దుప్పటి ముడత లేకుండా పరిచి, వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళు తెరిచినప్పుడు తియ్యాలి. ఇక్కడ మాత్రం పై నుంచే తియ్యాలి కాబట్టి ఆ తాడు తప్పనిసరి. రెండు వైపుల నుంచీ వెలుగు సమంగా ఉండాలి. ముఖం మీద నీడ, పక్కన ఎవరి వేళ్ళూ పడకూడదు.

ఇక దాచుకోవడం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిక్కిపోతుంది, ప్రింటు వేయిస్తే మసకే. హెచ్‌డీ అని నొక్కి పంపితే కొంత మేలు, డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫోటో చెక్కుచెదరదు. గూగుల్ ఫోటోస్‌లో ఎంతైనా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1 నుంచి పోయింది. అన్నీ కలిపి 15 జీబీ దాకానే ఉచితం. అందుకని రోజుకి 60 తీసినా రాత్రి కూర్చుని మూడు ఉంచి మిగతావి తీసెయ్యండి. ఉంచినవాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకీ, ఇంకో ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోకీ ఎక్కించండి. ఫోన్ బావిలో పడినా ఉంటాయి.

కొన్నయినా ప్రింటు వేయించండి. 12 మెగాపిక్సెల్ ఫోటో 4000 చుక్కలు పొడవు, 3000 చుక్కలు వెడల్పు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 13 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు దాకా నిక్కంగా వస్తుంది. 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు కార్డుకి 1800, 1200 చుక్కలు చాలు. స్టూడియో అబ్బాయికి ముందే చెప్పండి, ‘రంగు తెలుపు చెయ్యొద్దు, మచ్చలు తీయొద్దు’ అని. ఫోటో వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందు వైపు గాటు పడుతుంది. ఆల్బం పేజీ మీదే రాయండి. తేదీ, బిడ్డకి ఎన్నో రోజు, ఆనాటి బరువు, ఎవరి ఒళ్ళో ఉంది, కింద పరిచింది ఎవరి చీర.